పారఫిన్ అంటే

ఉడకబెట్టిన కట్టుగుడ్డలు పిండి తీగ మీద ఆరేస్తోంది రత్నకుమారి. ఏలూరులో అమెరికా డాక్టరమ్మ గారి చిన్న ఆసుపత్రి అది. గుడ్డలుతకడం, సీసాలు కడగడం, నేల తుడవడం ఆమె వంతు. ఉద్యోగం మాత్రం కాంపౌండరైన భర్త ప్రభుదాసుది.

తల్లీతండ్రీ లేని పిల్లగా తాడేపల్లిగూడెంలో డాక్టరమ్మ గారి వంటింట్లో పెరిగిందామె. ఇంగ్లీషు ఆవిడ నోటి నుంచే పట్టుకుంది. ప్రభుదాసు లండను పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. పోయినేడు ఇంగ్లండు దొరలు ఆసుపత్రి చూడడానికొస్తే, చేతులు కడుక్కోమని కుళాయి చూపిస్తూ ‘ఫాసెట్’ అందామె. ఇంటికొచ్చాక అతను విరుచుకుపడ్డాడు. "ట్యాప్ అనాలే, ట్యాప్! నీ అమెరికా ఇంగ్లీషుతో నా పరువు తీశావు. ఇకమీదట నలుగురిలో నోరు విప్పకు." విప్పలేదు. మాట పెదవుల దాకా వచ్చినప్పుడల్లా మింగేసింది. మింగీ మింగీ చివరికి, తనకు తెలిసింది నిజంగా తెలిసిందేనా అని తననే అనుమానించుకోవడం నేర్చుకుంది.

ఆ ఉదయమే కొల్లేటి లంక నుంచి లక్ష్మమ్మ తన కూతురు గంగారత్నాన్ని పడవలో తీసుకొచ్చింది. గంజి వారుస్తుంటే కుండ జారి, కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. డాక్టరమ్మ గారు చూస్తే తాడేపల్లిగూడెంలో ఉన్నారు. బంట్రోతు ఏసుబాబు రైలెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి ఆవిడ రాసిన చీటీ తెచ్చాడు.

"పుండు శుభ్రం చేసి, పారఫిన్ వెచ్చజేసి పలచగా పూయాలట," అని చదివాడు ప్రభుదాసు. నిఘంటువు తిరగేశాడు. "పారఫిన్ అంటే కిరసనాయిలు. నాకూ వింతగానే ఉంది. కానీ ఆవిడ రాశాక కాదనడానికి నేనెవణ్ణి?"

గిన్నెలోకి కిరసనాయిలు వంచుకుని, మండుతున్న పొయ్యి వైపు నడిచాడు.

రత్నకుమారికి తాడేపల్లిగూడెం వంటిల్లు గుర్తొచ్చింది. జామపండ్ల జెల్లీ జాడీల్లోకెత్తాక డాక్టరమ్మ గారు తెల్లటి బిళ్ళలు కరిగించి గాలి చొరకుండా పైన పోయించేవారు. ‘పారఫిన్ తే, రత్నం’ అనేవారు. ఎన్నిసార్లు తెచ్చివ్వలేదు! అయినా నాలుక కదలడంలేదు. తను పొరబడితే? నలుగురిలో మళ్ళీ నవ్వులపాలైతే? గంగారత్నం బాధకి గట్టిగా మూలిగింది. ఆ మూలుగు విన్నాక రత్నకుమారి ఆగలేకపోయింది.

"ఏవండీ, ఆగండి. అది కిరసనాయిలు కాదు, మైనం."

"పుస్తకం తప్పంటావా?"

"పుస్తకం తప్పు కాదండి. అది లండను మాట. చీటీ రాసినావిడ లండను మనిషి కాదు. అమెరికావాళ్ళు మైనాన్నే పారఫిన్ అంటారు, కిరసనాయిలుని కెరసిన్ అంటారు."

"జాడీలు కడిగినదానివి, నాకు చెబుతావా? తప్పుకో!"

తప్పుకోలేదు. అతని చేతిలోంచి గిన్నె లాక్కుని పెరట్లో పారబోసింది. అతని చెయ్యి లేచింది. లక్ష్మమ్మ గబుక్కున లేచి మధ్యకొచ్చింది. "అయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఆ అమ్మ చెప్పింది వినండి."

అతను చెయ్యి దించాడు. రత్నకుమారి బీరువా అడుగునున్న తెల్లటి బిళ్ళలు తీసి, వేడినీళ్ళలో గిన్నె పెట్టి కరిగించింది. ముందు తన ముంజేతి మీద చుక్క వేసుకుంది. చురుక్కుమంది. చల్లారనిచ్చి మళ్ళీ వేసుకుంది. అప్పుడు గంగారత్నం చెయ్యి శుభ్రం చేసి, కుంచెతో ఒక పూత పూసి, పైన పలచగా దూది పరిచి, ఇంకో పూత పూసింది. ఎంతోసేపటికి ఆ పిల్ల మూలుగు తగ్గింది.

మూడోనాడు డాక్టరమ్మ గారు వచ్చి కట్టు విప్పి చూశారు. చీము లేదు. "ఎవరు చేశారు?" అన్నారు తన వచ్చీరాని తెలుగులో.

"మీ చీటీ ప్రకారం నేనేనండి," అన్నాడు ప్రభుదాసు.

"ఈ అమ్మగారండీ," అంది మంచం మీంచి గంగారత్నం.

డాక్టరమ్మ గారు భార్యాభర్తలిద్దర్నీ చాలాసేపు చూశారు. తర్వాత ప్రభుదాసు వైపు తిరిగారు. "రత్నాన్ని నర్సు చదువుకి పంపిస్తాను. నీకు సమ్మతమేనా?"

అతను గొంతు సవరించుకున్నాడు. అతని నోట మాట రాకముందే రత్నకుమారి ఒకడుగు ముందుకేసింది.

"డాక్టరమ్మ గారూ, ఆ మాట నన్నడగండి."