నల్లపొరలో దీపపు గూడు

అరబ్బు దేశంలో, రస్ అల్ ఖైమా ఇసుక దిబ్బల మధ్య ఒకప్పుడు చెరువు ఉండేది. ఇప్పుడు అక్కడ నీటిచుక్క లేదు. లోతుగా గొయ్యి తీస్తే దాని గోడలో చెరువు అడుగుమట్టి పొరలు పొరలుగా కనబడుతుంది. అన్నిటికన్నా కింద బెత్తెడు నల్లపొర. అందులోని బొగ్గురవ్వల వయసు తేలితే, ఈ ఎడారిలో ఆ చెరువు నింపిన వానలు ఎప్పుడు మొదలయ్యాయో తెలుస్తుంది. 2006లో మా కంపెనీ నన్ను పంపింది ఆ పని మీదే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. అప్పగించిన పని మధ్యలో వదిలి రావడం నాకు తెలియదు.

పై పొరల మట్టిని ముందురోజే గొట్టాల్లోకి తీశాం. మిగిలింది నల్లపొర. సాయంత్రానికి గొయ్యి పూడ్చేస్తారు, అక్కడ ఇళ్లు కడుతున్నారు. పొద్దున్నే నిచ్చెన దిగి చూస్తే నల్లపొరలో చిన్న గూడు తొలిచి ఉంది. లోపలంతా కర్పూరం మసి.

గొయ్యి తవ్విన త్రిమూర్తులు, అమలాపురం వైపు మనిషి, తానే చేశానన్నాడు. గాలికి కర్పూరం ఆరిపోతుంటే, మట్టి మెత్తగా ఉన్నచోట గూడు తీశాడట. కిందటి నెల సజ్జా అనే ఊళ్లో పైపుల కోసం తవ్విన గొయ్యి కూలి అతని తమ్ముడు వెంకీ పోయాడు. అప్పటినుంచి హారతివ్వకుండా ఏ గోతిలోకీ దిగడం లేదు. కొత్త మసి పాత బొగ్గులో కలిస్తే వయసు తప్పుగా వస్తుందని చెప్పాను. అతని మొహం వాడిపోయింది.

మా ముదీర్, అంటే మేనేజరు, వీరరాఘవరావు గారు వచ్చి చూశారు. ఆ పొర ఆ గోడలో, ఆ కాస్తమేరే ఉంది. మూరెడు లోపలికి తవ్వితే మసి తగలని బొగ్గు దొరకవచ్చు. కానీ పైనంతా వదులు ఇసుక, అప్పటికే సన్నగా రాలుతోంది. చెక్కలు తెప్పించి గోడకు ఆనించే వ్యవధి లేదు.

"తప్పు నాదండి. నేనే తవ్వేత్తానండి" అని త్రిమూర్తులు పార అందుకున్నాడు.

"యల్లా, త్వరగా దిగు. అడుగుపొరకి తేదీ లేకపోతే రిపోర్టేం రాస్తాం?" అన్నారు ఆయన.

నేను నిచ్చెన పైకి లాగేశాను.

"ఆమనీ, వచ్చే నెల నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది నేనే."

"మీ ఇష్టం సార్. ఈయన్ని మాత్రం దిగనివ్వను."

పై అంచునుంచి ఓ పెళ్ల ఊడి గోతిలో పడింది. ఆయన అటు చూసి, ఉన్న గొట్టాలు పికప్‌లోకి ఎక్కించమని చెప్పి వెళ్లిపోయారు.

సాయంత్రం బుల్‌డోజర్ గొయ్యి పూడ్చింది. తిరుగుదారిలో పికప్ వెనక సీట్లో కూర్చున్న త్రిమూర్తులు అడిగాడు.

"ఆ నల్లమట్టి ఎంత పాతదమ్మా?"

"తెలీదు బాబాయ్."

"ఇంకెప్పటికీ తెలీదా?"

"తెలీదు."

అతను తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.