పీఠం కాలి కింది ఉత్తరాలు

ఈ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మమ్మ, ఇసిద్రో మామయ్య, మా అమ్మ, నేను, కెమెరాతో వచ్చిన టీవీ వాళ్లిద్దరు, నార్వే నుంచి వచ్చిన యోనాస్ అన్న, బల్లమీద నోరు తెరుచుకున్న కాల్చిన పంది. ఊరు ఊరంతా గుమ్మం బయట ఉంది.

యోనాస్ అన్న మా పెద్దమ్మ ఎస్త్రెల్లా కొడుకు. పుట్టి పెరిగింది అక్కడే అయినా ఫుట్‌బాల్‌లో మా ఫిలిప్పీన్స్ జట్టుకు ఆడుతున్నాడు. మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టి, చొక్కా ఎత్తి, లోపలి బనీను మీద రాసుకున్న వాళ్లమ్మ పేరు చూపించాడు. పెద్దమ్మ పోయి రెండేళ్లు. ఆ గోల్ పడేదాకా మా ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదు. చెప్పకుండా పరాయి దేశం వాణ్ణి పెళ్లాడిందని అమ్మమ్మకు కోపం. వెళ్లేరోజు పెద్దమ్మ దీవెన కోసం అమ్మమ్మ చెయ్యి నుదుటికి తాకించుకోబోతే, ఆమె రెండు చేతులూ వీపు వెనక దాచుకుందట. అమ్మే నాకు చెప్పింది.

ఈ రోజు అదే చెయ్యి అమ్మమ్మ తనే ముందుగా చాపింది. అన్న వంగి నుదుటికి తాకించుకున్నాడు. వెలుతురు చాల్లేదని టీవీ వాళ్లంటే మళ్లీ చాపింది. మూడోసారికి ఆమెకు కన్నీళ్లు కూడా వచ్చాయి.

మామయ్య కొవ్వు అంటిన చేత్తో అన్న భుజం పట్టుకుని వదల్లేదు. ఈసారి ఆయన ఊరిపెద్ద పదవికి పోటీ చేస్తున్నాడు. మేనల్లుడి బొమ్మతో పోస్టర్లు అప్పుడే అచ్చయ్యాయి.

పొద్దున కెమెరాకు చోటు చేస్తూ బాలయేసు పీఠం జరిపినప్పుడు, దాని పొట్టి కాలి కింద ఎత్తుకు పెట్టిన కవర్ల కట్ట బయటపడింది. పెద్దమ్మ ఉత్తరాలు. ఒక్కటీ విప్పలేదు. పొయ్యిలో వేయమని మామయ్య నా చేతికిచ్చాడు. నేను బియ్యం డబ్బాలో దాచాను.

తింటూ తింటూ అన్న అమ్మమ్మను అడిగాడు. మా భాషలో వాళ్లమ్మ నేర్పిన కాసిని మాటలే అతనికి వచ్చు.

"అమ్మ మీకు రాసేది. ప్రతి క్రిస్మస్‌కీ. జవాబు ఎందుకు లేదు?"

"ఒక్కటీ అందలేదు నాయనా. అంది ఉంటే రాయకుండా ఉంటానా? కన్నపేగు కదా."

మామయ్య తపాలా వాళ్లను తిట్టాడు. టీవీ వాళ్లు అయ్యో అన్నారు. అన్న చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"అయితే అమ్మే మిమ్మల్ని తప్పుగా అనుకుంది," అన్నాడు మెల్లగా.

బళ్లో పాఠం అప్పజెప్పమంటేనే గొంతు పెగలని దాన్ని నేను. వంటింట్లోకి వెళ్లి కట్ట తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇవిగో," అన్నాను. ఎవరికీ వినబడలేదు.

మామయ్యకు మాత్రం కనబడింది. "ఆటోగ్రాఫ్ కోసమండీ," అని టీవీ వాళ్లతో నవ్వాడు. "సిగ్గుతో చస్తోంది చూడండి. తర్వాత రావే పిల్లా."

నేను కదల్లేదు. అన్న ఇటు తిరగబోతుండగా అమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. పై కవరు మీద వాళ్లక్క రాత చూసింది. అక్షరాల మీద వేలు ఒకసారి ఆనించింది. ఆ చేత్తోనే నన్ను వెనక్కి నెట్టి వంటింటి తలుపు మూసేసింది.