నైరుతికి నడిచొచ్చిన కడ్డీ

కాపెల్ ఊళ్లో గాలివానకు కంచె పడిపోయినప్పటి నుంచి భీమశంకరానికీ పక్కింటి నరసింహకూ యుద్ధమే. కంచె పోయినచోట భీమశంకరం సొరపందిరి వేశాడు. అది రెండడుగులు తన స్థలంలోకి వచ్చిందని నరసింహ గొడవ. మొన్న ఆదివారం అతను ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్‌తో వస్తే ఈయన నీళ్ల పైపు ఎత్తాడు. ఆఫీసులో ఇద్దరి కిందా పదేసి మంది పనిచేస్తారు, చెప్పుకుంటే సిగ్గుచేటు. గాయపడింది మాత్రం ఓ లేత సొరకాయ.

"సర్వేయర్‌ని బుక్ చేసిన అన్నా. ఎవరిదేందో తేలిపోతది," అన్నాడు నరసింహ.

"తేలనివ్వండి. లైన్ ఇటుంటే పందిరి నేనే పీకేస్తా," అనేశాడు భీమశంకరం. అన్నాక పందిరి వైపు చూశాడు. మూడేళ్లు వేసిందల్లా ఎండకు మాడిపోయి, ఈ ఏడే పాదు కాసింది. ఇంట్లో తన మాట వినేది అదొక్కటే.

సర్వేయర్ నెల్సన్ వచ్చి, ముందు భీమశంకరం స్థలం మూలల్లో పాతి ఉండే ఇనుప కడ్డీల కోసం మెటల్ డిటెక్టర్ తిప్పాడు. ఈశాన్యంలో చప్పుడే లేదు. నైరుతిలో తవ్వితే ఒకే గుంటలో రెండు కడ్డీలు.

"ఇదెలా నడిచొచ్చింది? హద్దు గుర్తు కదిపితే నేరం, తెలుసా?" అన్నాడు నెల్సన్.

భీమశంకరం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గృహప్రవేశానికి ముందు వాస్తు చూసే సిద్ధాంతిగారు వీడియో కాల్‌లో ఈశాన్యాన ఇనుము వద్దన్నారు, బరువు నైరుతిలో ఉంచమన్నారు. ఈయన ఈశాన్యం కడ్డీ పీకి శ్రద్ధగా అక్కడ పాతాడు. వచ్చే నెల గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. నరసింహ ఫిర్యాదు చేస్తే అంతే సంగతులు.

నరసింహ నేలచూపులు చూస్తున్నాడు. అతని పెరట్లోనూ ఈశాన్యం ఖాళీ, నైరుతిలో జంట కడ్డీలు. ఆ పక్కింట్లోనూ అంతే. వీధిలో ఆరిళ్లకూ ఒకే సిద్ధాంతి. ఆరో ఇల్లు చూసి నెల్సన్ ట్రక్కులో కూర్చుని నీళ్లు తాగాడు.

చివరికి వీధి మలుపు నుంచి కొలుచుకుంటూ వచ్చి హద్దు వెంట జెండాలు పాతాడు. రెండడుగులు కాదు, పందిరి మొత్తం నరసింహ స్థలంలోనే ఉంది.

నెల్సన్ వెళ్లాక భీమశంకరం కత్తి తెచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఆగన్నా," అంటూ నరసింహ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "సిద్ధాంతిగారూ, మా ఇంటికి పడమర దిక్కు పందిరుంటే మంచిదేనా? బరువుండాల్నా? సరే సరే." ఫోన్ దించాడు. "ఉంచమన్నరు. తీస్తే మాకే అరిష్టమంట."

భీమశంకరం కత్తి కింద పెట్టాడు. నరసింహ అసలు ఏ నంబరూ నొక్కలేదని చూసి కూడా, "సిద్ధాంతిగారు చెప్పాక ఇంకేముంది," అన్నాడు.