తిథులు ప్రకటించు పత్రిక

కార్తికమాసపు ప్రాతఃకాలము. రేయెల్లఁ గురిసి వెలిసిన వాన కాకినాడలోని జగన్నాథపురపు పెంకుటిండ్ల చూరులనుండి యింకను బొట్టుబొట్టుగా రాలుచుండఁగా ఉప్పుటేటిమీఁదుగా వీచు తూర్పుగాలి రేవున నిలిచిన పొగయోడ కూఁతను మోసికొనివచ్చి యా వీధిలోని ప్రతిగవాక్షమును దట్టిపోవుచుండెను. ఆ కూఁత విన్నప్పుడెల్ల సూరమాంబ చేతులు క్షణకాలము నిలిచిపోయి మరలఁ గదలుచుండెను. ఆమె నట్టింటఁ జాపపైఁ గూర్చుండి తమ్ముని తోలుసంచి సర్దుచున్నది. మడత నలగకుండ ధోవతిలోఁ జుట్టిన నల్లని కోర్టుగౌను అడుగునను గంజిపెట్టిన తెల్లని కంఠపట్టీలు దానిపైనను కరివేపాకుపొడి సీసాయు శొంఠియుఁ బటికబెల్లమును నొకమూలను నుంచి తుదకుఁ దన చెంగుచాటున దాఁచిన పసుపుగుడ్డ మూటను దీసి యెవ్వరును జూడకుండ గౌను మడతలలోనికిఁ ద్రోసెను. అది యా వృష నామ సంవత్సరపుఁ బంచాంగము.

"అక్కయ్యా, పంచాంగము మరలఁ జొప్పించితివా?" యని వాకిటనుండి యొక నవ్వు వినవచ్చెను. "నేను వాదింపఁబోవునది న్యాయాధిపతి యెదుటఁ గాని రాహుకాలము నెదుటఁ గాదు."

"రాహుకాలమునకు ఫీజక్కఱలేదు నాయనా. ఉండనిమ్ము. సంచికి బరువు కాదు. నాకు బరువు తగ్గును."

"పోయినమాఱు చెన్నపురి బసలో నెలుకలు నీ పంచాంగమందలి యమృతఘడియలన్నియు నారగించి వర్జ్యములు మాత్రము నాకు మిగిల్చినవి."

"ఏది తినవలయునో యెలుకలకుఁ దెలియును. బారిస్టరులకే తెలియదు."

నవ్వినవాఁడు బారిస్టరు ఆకెళ్ల ఉమాకాంతరావు. సీమకుఁ బోయి న్యాయశాస్త్రము నభ్యసించి వచ్చిన యతఁడు జమీందారుల సరిహద్దు తగవులును దాయాదుల దత్తత వివాదములును బంగారుపళ్లెరమునఁ బెట్టి యెదుటికి వచ్చినను గన్నెత్తి చూడక ప్రభుత్వమునకును బ్రజకును నడుమఁ బుట్టిన వ్యాజ్యెములనే చేపట్టి యందును నోరు నొక్కఁబడిన పత్రికల పక్షమున నిలుచుటయే తన వృత్తిగా నెంచుకొనెను. అధికారి యాజ్ఞ యెంత పొడవైనదైనను దండింపఁబడినవానిని బిలిచి యడిగితిమను నొక్క వాక్యము దానియందున్నదా లేదా యని యతఁడు మొట్టమొదట వెదకును. లేకున్నచో నతని కనుబొమలు పైకి లేచును. ఆ కనుబొమలను జూచియే గుమాస్తాలు గెలుపు లెక్కించుకొనెడివారు.

అతని పనితీరు లోకమునకు వింత. నిషేధింపఁబడిన పత్రిక చేతికి రాఁగానే న్యాయగ్రంథమును దెఱవఁడు. అక్కను బిలిచి పత్రికపేరు మొదలుకొని తుదిపుటలోని తలనొప్పి తైలపుఁ బ్రకటన వఱకు నొక్క యక్షరము విడువకుండ బిగ్గరగాఁ జదివించి కనులు మూసికొని వినును. "సర్కారువారు తాము కత్తిరించిన తునుకను జదువుదురు. జనులు పత్రికను జదువుదురు. నేను జనుల చెవితో వినవలయును" అనెడివాఁడు. సూరమాంబ బడికిఁ బోయినది కాదు. పచారీకొట్టు పొట్లముల కాగితములు విప్పి యక్షర మక్షరము గూడఁబెట్టుకొని చదువు నేర్చినది. పొట్లములపై ప్రతి కథయు సగములోఁ దెగిపోయెడిది. కావున మొదలును దుదియుఁ గల కాగితము దొరకెనేని యామె కది పండుగ.

ఈమాఱు చదివిన పత్రిక రంగూనులో వెలువడు తీరవాణి యను వారపత్రిక. దాని సంపాదకుఁడు గేదెల అప్పలస్వామి యొకప్పుడు రేవులో బియ్యపు బస్తాలు మోసి పిదప నచ్చుకూర్పు నేర్చి సొంత ముద్రణాలయము నెలకొల్పినవాఁడు. సముద్రమున కావల కూలికిఁ బోయిన తెలుఁగువాఁడు మరణించినచో నతని యింటిపేరును ఊరును మరణతిథియు నా పత్రిక యచ్చొత్తెడిది. అది చేరిన పిదపనే తీరమున నాయా యిండ్లలో నేడ్పును నపరక్రియలును జరిగెడివి. ఆ యేఁడు భాద్రపదమున నొక బియ్యపుమరలో నిప్పంటుకొని కూలివాండ్రు పలువురు మడిసిరి. కొందఱు మంటలలోఁ జావఁగాఁ గొందఱు గాయములతో వైద్యశాలలో నానాదినములఁ గన్నుమూసిరి. తీరవాణి వారి పేరుల ప్రక్కఁ దిథులు ప్రకటించెను. తెలుఁగు రాని యొక పత్రికాపరీక్షకుఁడు వానిని దెలిపించుకొని యొక్క ప్రమాదమున కిన్ని దినములేల యని శంకించి యివి మరణదినములు కావనియు సమ్మెకట్టుటకుఁ గూలివాండ్రు గుమికూడవలసిన దినముల రహస్యసంకేతములనియు నిశ్చయించి యెవ్వరిని నడుగకయే ముద్రణాలయమునకు సీలువేయించి ప్రతులన్నింటిని జప్తు చేయించెను. అప్పలస్వామి దాఁచి పంపిన యొక్క ప్రతియే సూరమాంబ చదివినది.

ఆ పేరులు చదువునపుడు సూరమాంబ ప్రతి యింటిపేరును రెండుమాఱులు చదివెను. ఆమె భర్త విస్సన్న పందొమ్మిదేండ్ల క్రిందట దుందుభి సంవత్సరమున నొక కలపకొట్టులో గుమాస్తాపనికి రంగూను వెళ్లి ఒకటి రెండు జాబులు వ్రాసి యంతటితో మాయమయ్యెను. నాఁటినుండి యామె ప్రతి యుదయమున నద్దము ముందు నిలిచి కుంకుమబరణి చేతఁబట్టి పెట్టుకొందునా మానుదునా యని తటపటాయించి తుదకుఁ బెట్టుకొనుచునే యున్నది.

సంచి మూఁత బిగించుచు నామె "అచ్చట మీ బావను గూర్చి యెవరినైన నడుగుము" అనెను. "బ్రదికియున్నాఁడా యని యడుగవలదు. ఏ తిథియో తెలిసినఁ జాలును."

ఉమాకాంతరావు నవ్వు మానెను. "అక్కయ్యా, నీ ప్రశ్నయే యీ వ్యాజ్యెము. ఆ పత్రిక మూఁతపడినచో నిట్టి ప్రశ్నతోనే యెందఱో బ్రదుకవలసివచ్చును. అందులకే పోవుచున్నాను."

"పోవుచున్నానని యనకుము. పోయివత్తు ననుము."

"పోయివత్తును" అని యతఁడు సంచి భుజమునఁ దగిలించుకొనెను. జట్కా వీధిమలుపు తిరుగువఱకును బిదప దాని గంటల చప్పుడు వినవచ్చువఱకును నామె గుమ్మముననే నిలిచియుండెను.

మార్గశిరమున నొక తంతి వచ్చెను. గెలిచితిమి తీర్పు ప్రతి చేతికి రాఁగానే యోడ యెక్కెద ననునది దాని సారము. సూరమాంబ పాయసము వండి యిరుగుపొరుగువారికిఁ బెట్టెను. ఆ వెనుక తూర్పుసముద్రమునందు యుద్ధము ప్రబలినదను వార్త వచ్చెను. రంగూనుపైఁ బాంబులు పడినవను వార్త వచ్చెను. మూటలతోఁ బిల్లలతో జనులు దిగుచున్న యోడలు వచ్చెను. తమ్ముఁడు రాలేదు. ఓడ కూసినప్పుడెల్ల నామె వీధివాకిటఁ బీఁట వేసికొని కూర్చుండి రేవునుండి వచ్చు ప్రతి జట్కాను గన్నులతోఁ దడవి విడిచిపెట్టుచుండెను.

మాఘమాసమున నొక మధ్యాహ్నము కమలిన మొగమును మాసిన గడ్డమునుగల నడివయసువాఁ డొకఁడు తోలుసంచిని గుండెకు హత్తుకొని యామె గడప ముందు నిలిచెను. సూరమాంబ యా మనుష్యుని జూడలేదు. సంచినే చూచెను.

"అమ్మగారూ, నేను అప్పలస్వామిని. తీరవాణి అప్పలస్వామిని."

ఆమె చేయి చాఁచి సంచి నందుకొనెను. పిదప "భోజనము చేసితివా?" యని యడిగెను.

"ఇప్పు డెట్లు తినఁగలనమ్మా?"

"అట్లయిన మంచినీళ్లు త్రాగి కూర్చుండుము. వ్యాజ్యెము చెప్పుము. మొదటినుండి చెప్పుము నాయనా. సగమునుండి చెప్పకుము."

అప్పలస్వామి చెప్పసాఁగెను. చెప్పుకొలఁది వాని కృంగిన వెన్ను నిటారయ్యెను. న్యాయసభలో సర్కారు వకీలు లేచి యా తిథులన్నియుఁ గుట్రకు గుర్తులని గంభీరముగా వాదించి కూర్చుండెను. అంతట ఉమాకాంతరావు తన సంచి తెఱచి పసుపుగుడ్డ విప్పి పంచాంగమును బైకిఁ దీయఁగా సభలోని దొరలు కొందఱు నవ్విరి. అతఁడు తానును జిఱునవ్వు నవ్వి దానిని దుబాసీ చేతికిచ్చి యొక్కొక్క తిథిని జదివించి దాని కెదురుగా వైద్యశాలవారి మరణదినముల పట్టీని జూపుచు వచ్చెను. తిథి వెనుకఁ దిథి సరిపోవుచుండఁగా నవ్వులు సద్దుమణఁగెను.

"ప్రభూ, యిది రహస్యసంకేతమే యగునేని నా దేశమున నింటింట గోడకు వ్రేలాడుచున్న రహస్యము" అని యతఁడు పలికెను. "వార్తలను నియమించు నధికారము ప్రభుత్వమునకుఁ గలదు. కాదనను. కాని యీ సంపాదకుని నొక్కమాఱు పిలిచి యిదేమని యడిగియుండినచో నొక్క మాటలో బదులు దొరకియుండును. అడుగుటయే న్యాయము. అడుగక శిక్షించుట యెంత యున్నతాధికారి చేసినను న్యాయము కానేరదు."

న్యాయాధిపతి కలము దింపి "మరణదినము తెలియుట మీవారి కంత ముఖ్యమా?" యని ప్రశ్నించెను.

ఎన్నఁడును దన యింటి ముచ్చట న్యాయసభలోఁ బలుకని యా బారిస్టరు చేతిలోని పట్టీని బల్లపై నుంచి యిట్లనెను. "ప్రభూ, ఆ పేరులు వెలువడనిచో నా తీరమున స్త్రీలు తాము సుమంగళులో కారో యెఱుఁగక ప్రతి యుదయమును అద్దము ముందు నిలుతురు. అట్టి యొకతె చేతి యన్నము తినియే నేనిచ్చటికి వచ్చితిని."

సూరమాంబ చేయి నుదుటివఱకుఁ బోయి యాఁగెను.

"అమ్మగారూ, ఆ మాటతో న్యాయాధిపతి దింపిన కలమును మరలఁ జేతఁబట్టెను" అని అప్పలస్వామి కొనసాఁగించెను. "ఆజ్ఞ కొట్టివేయఁబడినది. పంచాంగమును సాక్ష్యముగాఁ గోర్టువారే యుంచుకొనిరి. 'నేను మరలి వత్తునని మా యక్కయ్య కిచ్చిన జామీను అది, ఇపుడు మీకడ నున్నది, భద్రము' అని బారిస్టరుగారనఁగా న్యాయాధిపతియు నవ్వెను."

సూరమాంబ సంచి తెఱచెను. గౌను ఉన్నది. కంఠపట్టీలున్నవి. గౌను మడతలలో నామె చేయి తడవి తడవి వట్టిదై వచ్చెను.

"గెలిచినవాఁడు వెంటనే యేల రాలేదు?"

"ఎందఱు చెప్పినను వినలేదమ్మా. తీర్పు నోటిమాటగా నున్నంతవఱకుఁ దాళము తెఱవదు, కాగితముపైఁ బడినపుడే దానికిఁ జేతులు వచ్చు ననిరి. ప్రతి చేతికి వచ్చునప్పటికిఁ బుష్యశుద్ధ చవితి. తామే వచ్చి సీలు విప్పించిరి. ఆ రాత్రి మా యక్షరముల డబ్బాలు తుడుచుచుఁ గూర్చుండి 'నీ పత్రికలోఁ దలనొప్పి తైలము ప్రకటన తప్పక యుండవలయును, అది లేనిచో మా యక్కయ్య పత్రిక పూర్తికాలే దనును' అని నన్ను నవ్వించిరి. తమ భర్తగారి జాడకై తిరుగని కొట్టు లేదు. దొరకలేదు. మఱునాఁటి యుదయమున, రేయెల్ల నచ్చొత్తిన మొదటి ప్రతులు తీసికొని రేవుప్రక్క మరకూలీల పాకలకుఁ బోయిరి. విధవల యెదుట నెవరైనఁ బేరులన్నియుఁ జదువఁగాఁ దాము వినవలయునఁట. అప్పుడు విమానములు వచ్చినవి. మేమందఱ మవి యేమో యని వీధిలో నిలిచి పైకిఁ జూచితిమి."

 అప్పలస్వామి యంగీలోపలనుండి యొక మడత కాగితమును దీసి యామె ముందుంచెను. కూర్పరులు పాఱిపోఁగాఁ దానొక్కఁడే యా బాంబులకు మడిసినవారి పేరులు కూర్చి యొక్క ప్రక్క మాత్రమే యచ్చొత్తిన తీరవాణి తుది సంచిక యది. ఏ యధికారియు దాని నాఁపలేదు. ఆఁపఁగూడదని తీర్పున్నది.

సూరమాంబ కాగితమును జాపపైఁ బఱచి యరచేతితో మడతలు సవరించి కనులు మూసికొని వినువాఁ డెదుటనే యున్నట్లు పత్రికపేరు మొదలుకొని బిగ్గరగాఁ జదువసాఁగెను. శ్రీకాకుళము పేరులు చదివెను. భీమునిపట్నము పేరులు చదివెను. ఇంటిపేరును ఊరును దిథియుఁ దప్పక యొక్కరినైన విడువక నెమ్మదిగాఁ జదివెను. తలనొప్పి తైలపుఁ బ్రకటన యుండవలసినచోట నేమియు లేదు. దానికిఁ బైనున్న తుదిపంక్తి వద్ద నామె గొంతు నిలిచి మరలఁ గదలెను. ఆ పంక్తియు నామె సాంతముగాఁ జదివెను.

విస్సన్న మాట యామె కెన్నఁటికిని దెలియలేదు. తమ్ముని మాట తెలిసినది. ఆకెళ్ల ఉమాకాంతరావు కార్తికమాసమున రంగూనునకుఁ బోయి మరలి రాలేదు. వృష నామ సంవత్సర పుష్య శుద్ధ పంచమీ మంగళవారమునాఁడు మృతిఁ జెందెను.