దగ్గని మనిషి

మా కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు సంగతి చెబితే మీరు నమ్మరు. నిరుడు చిలకలూరిపేట లారీ డ్రైవరొకడు ఇక్కడ తుమ్మడం మొదలుపెట్టి, ఒంగోలు దాటినా ఆగక, సింగరాయకొండలో లారీ ఆపి కొండ మీది స్వామికి మొక్కుకుంటే గానీ తెరిపిన పడలేదు. ఈ కల్లంలో దగ్గని మనిషి ఒక్కడే. మా బావ జక్రయ్య. రోజూ మిట్టమధ్యాహ్నం వచ్చి కాయల రాశి మీద కూర్చుంటాడు. ఘాటు తగలాలంటే ఊపిరి పీల్చాలి కదా. బావ పీల్చడం మానేసి మూడు నెలలయింది.

మిషన్ బడిలో ఒకే పలక మీద రాసుకున్నవాళ్లం. రెండెకరాలు కలిసి కౌలుకు చేశాం. నా కోతలు విని ఊరంతా నవ్వేది. బావ మాత్రం నవ్వుతూనే నమ్మేవాడు. క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా, మిరపతోటలో పురుగుమందు కొడుతున్నప్పుడు ఆ మందే కడుపులోకి పోయి చనిపోయాడు. కావాలనే తాగాడు, అది దేవుడు క్షమించని పాపం అంది ఊరు. అప్పట్నుంచి బావ భార్య వీరమ్మ చర్చిలో చిట్టచివర, చెప్పులు విడిచేచోట కూర్చుంటోంది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు లేచి బయటికి పోతోంది.

ఆ రోజు తోటలో బావతో ఉన్నది నేనొక్కణ్ణే. అందుకే వీరమ్మ రోజూ కల్లానికి అన్నం క్యారేజీ తెచ్చి, దగ్గుతూ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అదే అడుగుతుంది.

"అన్నయ్యా, ఆయన తెలిసే తాగాడా?"

మొదట గుండె ఆగిందని చెప్పాను. రాశి మీద బావ తల అడ్డంగా ఊపాడు. తరవాత గాలి తిరగబడి మందు మొహాన కొట్టిందన్నాను. మళ్లీ ఊపాడు. ఆ పైన పాము కరిచిందన్నాను. పన్నెండు మూరల తాచు.

"నిన్న ఎనిమిది మూరలన్నావుగా."

"రాత్రికి రాత్రి పెరిగింది వీరమ్మా. పాములకేం పనుంటుంది పెరగడం తప్ప."

బతికుంటే బావ పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు అడ్డంగా తల ఊపాడు.

ఇవాళ వీరమ్మ అన్నం పెట్టి, రోజూ అడిగేది అడగలేదు.

"ఇక చర్చికి పోను అన్నయ్యా. జనం ఏమన్నా పడతాను. నాతో ఒక్క మాట చెప్పకుండా పోవాలని ఆయనకి ఎందుకనిపించిందా అని, అదే నన్ను తినేస్తోంది."

బావ రాశి దిగాడు. ఎప్పుడూ దిగనివాడు, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒక్క కాయా చప్పుడు చేయలేదు.

చెప్పేశాను.

"మందు డబ్బా పక్కచేనువాళ్లతో కలిసి కొన్నాం. మా వంతు మందుని నీళ్ల సీసాలో పోసుకొచ్చింది నేనే. తడిగోనె చుట్టింది నేనే. బావకి జలుబు, ముక్కులు దిబ్బడేసి ఉన్నాయి. నీళ్లడిగితే ఆ సీసా ఇచ్చాను. 'నీళ్లేనా బావా?' అన్నాడు. నేను మూతికి ఆనించుకుని, తాగినట్టు నటించి, మూతి తుడుచుకుని, 'చల్లగా ఉన్నాయి, తాగు బావా' అన్నాను. నోట్లో పడగానే ఉమ్మేసి నన్ను బండబూతులు తిడతాడనుకున్నాను. బావ గటగటా తాగేశాడు."

ఒట్టు, సరదాకే. మంచినీళ్ల సీసాకి తడిగోనె చుడతారు గానీ మందుసీసాకి ఎవరూ చుట్టరు. ఎందుకు చుట్టానో నాకు గుర్తులేదు. బావకి గుర్తున్నట్టుంది. ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

వీరమ్మ నా వంక చూసింది. తరవాత కళ్లు తుడుచుకుని చిన్నగా నవ్వింది.

"నీ కోతలకి అంతు లేదన్నయ్యా. పాము కథే నయం."

నమ్మలేదు. ప్రాణం కుదుటపడింది, వెంటనే సిగ్గేసింది. ఆమె లేచి కల్లం పక్కనున్న పాకలోకి వెళ్లింది. అక్కడేం చేసిందో కనపడలేదు. పురుగుమందులు పెట్టుకునేదీ, మంచినీళ్లు పెట్టుకునేదీ ఆ పాకలోనే. తడిగోనె చుట్టిన సీసాతో తిరిగొచ్చింది. నా ఎదురుగా నిలబడి మూతికి ఆనించుకుంది. మూతి తుడుచుకుంది.

"చల్లగా ఉన్నాయి. తాగు అన్నయ్యా."

సీసా నా చేతిలో పెట్టి, క్యారేజీ సర్దుకుని, దగ్గుకుంటూ డొంకదారిలోకి వెళ్లిపోయింది.

ఆమె గొంతు కదిలిందో లేదో చూసుకోలేదు. సీసాలో వాసన చూశాను. ఘాటు. ఈ కల్లంలో మంచినీళ్లకీ అదే వాసన. బావని అడిగాను. తల ఎటూ ఊపలేదు.

ఈ ఆదివారం వీరమ్మ చర్చిలో ముందు వరసకి వచ్చి కూర్చుంటే నా మాట నమ్మినట్టు. ఈలోగా ఎండ ముదిరింది, నాలుక పిడచగట్టుకుపోయింది. సీసా నా చేతిలోనే ఉంది. పక్కన బావ దగ్గకుండా నవ్వుతున్నాడు.