చప్పుడు తీసేసిన పాట

నేను ఒక మైకుని. సభల్లో నాయకుల ముందు నిలబడి తుంపర్లు భరించే జాతి కాదు. కంప్యూటర్‌కి వైరుతో తగిలించుకుని, ఇంట్లో కూర్చుని పాటలు రికార్డు చేసుకునే జాతి. ఫ్యాక్టరీలో పుట్టగానే ఒకమ్మాయి నా ముందు చిటిక వేసి, మీటరు చూసి, పచ్చ స్టిక్కరు అంటించింది. నన్ను సరిగ్గా వాడిన మనిషి ఆవిడొక్కతే. పెట్టె మీద 'స్టూడియో నాణ్యత' అని అచ్చేశారు. స్టూడియో మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని అచ్చెయ్యలేదు.

మొదట నన్ను కొన్నది గుంటూరులో ఒక ఇన్సూరెన్సు ఏజెంటు. జీవితంలో ఎదగటం ఎలాగో వీడియోల్లో జనానికి చెబుదామనుకున్నాడు. నాకు చెవి పక్కనుంటుంది. ఆయన నన్ను ఐస్‌క్రీమ్ అనుకుని నెత్తిమీద మాట్లాడేవాడు. మాట నూతిలోంచి వచ్చినట్టుండేది. చివరికి చూసేవాళ్ళలో బావమరిది ఒక్కడే మిగిలాడు, వాడూ మొహమాటానికే. దాంతో 'అస్సలు వాడలేదు' అని రాసి నన్ను ఆన్‌లైన్లో అమ్మేశాడు. ఒక రకంగా అది నిజమే.

అలా విజయవాడలో పార్థసారథిగారి ఫ్లాటుకి చేరాను. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. భార్య కనకవల్లి. ఆ వీధిలో ఎవరింట పెళ్ళయినా అప్పగింతలప్పుడు పాట పాడేది ఆవిడే. వాళ్ళ అమ్మమ్మ నోటినుంచి నేర్చుకున్న పాట, ఎక్కడా రాసి లేదు. ఆవిడ పాడనిదే ఆ వీధి ఆడపిల్ల కారెక్కేది కాదు. పాడితే ఏడుపు ఆగక కారెక్కలేకపోయేది.

ఇప్పుడు సొంత కూతురు హిమజ పెళ్ళి కుదిరింది. "నాకూ నువ్వే పాడాలమ్మా" అంది హిమజ. సరిగ్గా అప్పుడే కనకవల్లిగారి మెడలో థైరాయిడ్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ పెళ్ళిదాకా ఆగకూడదన్నారు డాక్టర్లు. ఆ తరవాత గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేమన్నారు. అందుకే నన్ను కొన్నారు. ఆస్పత్రికి వెళ్ళేలోగా పాట నాలోకి ఎక్కాలి.

మొదటిరోజు పార్థసారథిగారు నన్ను మధ్యగదిలో పట్టుపంచె మడత మీద కూర్చోబెట్టి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటూ చాలాసేపు ఉపన్యసించారు. తరవాత చూస్తే కంప్యూటర్ నన్ను పట్టించుకోనేలేదు. సెట్టింగుల్లో నా పేరు ఎంచుకోనందువల్ల, తన ఒంట్లోనే ఉన్న చిన్న మైకుతో మొత్తం రికార్డు చేసేసింది. ఆవగింజంత ఉంటుంది అది. ఆయన ఆ ఫైలుకి 'టెస్ట్' అని పేరుపెట్టి మర్చిపోయారు.

నా పేరు ఎంచుకున్నాక గుయ్యిమని మోత. చార్జరు పీకితే మోత పోయింది, ఫ్యాను బయటపడింది. ఫ్యాను ఆపితే పక్క ఫ్లాటు గ్రైండరు. చివరికి చీరల బీరువా తలుపులు తీసి, అందులో నన్ను పెట్టి, పైన రగ్గు కప్పి, ఆవిణ్ణి అందులోకి తలదూర్చి పాడమన్నారు.

"కలరా ఉండల వాసనకి దగ్గొస్తోందండీ."

"దగ్గు తరవాత తీసేస్తాలే. నువ్వు గట్టిగా పాడకు. స్క్రీను మీద గీత ఎర్రగా అయిపోతోంది."

"పెళ్ళిలో పాడే పాట కదండీ!"

"పెళ్ళిలో పాడినట్టు కాదు కనకా, ఆస్పత్రిలో పాడినట్టు పాడు."

ఆ మాట నోరుజారాక ఆయన తలెత్తకుండా రికార్డు మీట నొక్కారు. రగ్గు కింద ఆవిడ శ్రుతి కోసం సన్నగా కూనిరాగం తీసి, పాట అందుకుంది. ఆపకుండా చివరిదాకా పాడింది. అంతా విన్నాను. నా పెట్టె మీద అచ్చేసిన మాట ఆ ఒక్కసారే నిజమైంది.

అక్కడితో వదిలేసి ఉండాల్సింది. కానీ కొత్త స్కూటరు సీటుకి ప్లాస్టిక్ కవరు వేసి, దానిమీద తువ్వాలు పరిచే కుటుంబం కదా, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచలేరు. రొద తీసే మీట ఒకటుందని పార్థసారథిగారు ఎక్కడో చూశారు. 'పాట లేకుండా వట్టి చప్పుడున్న ముక్క చూపించు, అలాంటిదంతా తీసేస్తాను' అంటుందది. ఆయన వెతికి వెతికి, పాటకి ముందున్న కూనిరాగం చూపించారు. మాటలు లేవు కాబట్టి అది చప్పుడేనని ఆయన లెక్క. మీట నొక్కారు. బాత్రూం కడిగేటప్పుడు చేసినట్టే, ఎందుకైనా మంచిదని ఇంకో రెండుసార్లు నొక్కారు.

అప్పుడే ఆస్పత్రినుంచి ఫోను, మంచం ఖాళీ అయింది రమ్మని. ఆయన మొదటి క్షణాలు విన్నారు. చీమ చిటుక్కుమనలేదు. "ఎంత శుభ్రంగా ఉందో!" అని మురిసిపోయి, ఒకే పాటకి రెండు ఫైళ్ళు దండగని పాతదాని మీదే సేవ్ చేసి, కంప్యూటర్ కట్టేశారు. గృహప్రవేశం వీడియో మాత్రం అందులో మూడు కాపీలుంది.

గడ్డలో భయపడాల్సిందేమీ లేదని తేలింది. ఆవిడ మెడకి పట్టీతో ఇంటికొచ్చింది. గొంతు మాత్రం రాలేదు. గాలి వస్తోంది, మాట ఆకారం వస్తోంది, స్వరం లేదు. కొన్నాళ్ళు చూద్దామన్నారు డాక్టరుగారు. అదేం ఫరవాలేదన్నట్టు పార్థసారథిగారు కొత్త స్పీకర్లు తగిలించి, తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి, పాట పెట్టారు.

నీళ్ళలో మునిగిన మనిషి బుడగలు వదులుతున్నట్టు వినిపించింది. మధ్యలో 'తల్లీ' అన్న మాట ఒకటి పైకి తేలి, మళ్ళీ మునిగింది. కూనిరాగమూ ఆవిడ గొంతే కాబట్టి, దాంతోపాటు పాటలో గొంతంతా పోయింది.

"నాన్నా, ఏం చేశావు?" అంది హిమజ.

ఆయన మీటలన్నీ నొక్కారు. వెనక్కి తీసుకునే మీట కూడా. మూసి తెరిచిన ఫైలుకి వెనక్కి ఉండదు.

కనకవల్లిగారు ఆ గాలిగొంతుతోనే అంది, "మీ ఫ్యాను మాత్రం ఎక్కడా వినపడలేదండీ."

ఆయన నవ్వబోయి, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

తరవాత కంప్యూటరంతా గాలించగా దొరికింది 'టెస్ట్'. అందులో ముందు ఆయన గొంతు: "హలో, ఒకటి, రెండు, మూడు, మైక్ టెస్టింగ్." వెనక వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతూ ఆవిడ తనపాటికి తను పాడుకుంటోంది. కుక్కరు కూస్తున్నా పట్టించుకోకుండా చివరి చరణందాకా. మధ్యలో ఆయన, "కనకా, వినపడుతోందా?" అని కేకేస్తే, ఆవిడ పాట ఆపి, "వీధంతా వినపడుతోంది, ఇక కట్టేయండి!" అని నవ్వి, ఆపినచోటే అందుకుంది.

ఇప్పుడు ఆయన గొంతు తీసేసి ఆవిడ గొంతు ఉంచాలి. చప్పుడేదో చూపించమంది మీట. ఆయన తన మాటల మీద గుర్తు పెట్టి, మీట నొక్కకుండా లేచారు. అప్పగింతలకి ఆ ఫైలునే ఉన్నదున్నట్టు పెట్టారట. 'మైక్ టెస్టింగ్' అనగానే వియ్యాలవారు నవ్వారట. పాట అయ్యేసరికి నవ్వినవాళ్ళెవరూ తలెత్తలేదట. నన్ను తీసుకెళ్ళలేదు. నేను రికార్డు చేసింది కాదుగా.

ఇప్పుడు పెట్టెలో, అటకమీద, వాడని ఇడ్లీపాత్ర పక్కన ఉన్నాను. వైరు లేకపోయినా చెవి పనిచేస్తుంది. సాయంత్రమైతే కింద ఆ ఫైలు మోగుతుంది. "కనకా, వినపడుతోందా?" అంటుంది ఆయన గొంతు. వీధంతా వినపడుతోందని ఆవిడ గొంతు నవ్వుతుంది. అది అయ్యాక, గదిలో కూర్చున్న ఆయన మెల్లిగా అదే మాట అడుగుతారు.

జవాబు వినపడదు. ఆవిడ తల ఊపుతుందనుకుంటాను. తల ఊపితే చప్పుడుండదు.