పడవకు మూడో మనిషి

అమలమ్మకు కోడలితో వచ్చిపడిన కష్టం ఇంతా అంతా కాదు. ఆ పిల్ల వంట బాగా చేస్తుంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పదు. దుబారా లేదు. ఆదివారం చర్చిలో పూజకు ముసుగేసుకుని అందరికన్నా ముందే వెళ్లి కూర్చుంటుంది. ఇలాంటి కోడలి మీద ఏ అత్తగారైనా ఎవరి దగ్గరికి వెళ్లి ఏమని చెప్పుకుంటుంది? వెతగ్గా వెతగ్గా దొరికింది ఒక్కటే. కృపకు సముద్రమంటే భయం లేదు.

ఆ ఒక్కటే ఇప్పుడు గుణదల కొండ కింద, కొవ్వొత్తుల దుకాణం నీడలో కూర్చుని, దుకాణం హన్నాకు చెబుతోంది అమలమ్మ. ఎదురుగా ప్లాస్టిక్ ట్రేలో కానాగంత చేపలు. వాటి మీద ఐసు కరిగి, ట్రే అంచుల మీంచి రోడ్డు మీదికి కారుతోంది.

"మొగుడు ఎక్కే పడవ పెళ్లాం కూడా ఎక్కుద్దా అమ్మా? యాడన్నా విన్నావా?"

"మొగుడు దిగిపోయాడా మరి?" అంది హన్నా కొవ్వొత్తులు సర్దుతూ.

"లేదు. ఇద్దరూ పోయారు."

"ఇంకేం అక్కా, జంటగా వెళ్లారు. మా ఆయన నన్ను పటమట దాకా సినిమాకైనా తీసికెళ్లలేదు."

అమలమ్మకు నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ నవ్వే వీలున్న పని ఒక్కటీ జరగలేదు. బందరు నుంచి ఎక్కిన బస్సులో ట్రే నీళ్లు ఎవరి చెప్పుల కిందికో పారాయని కండక్టరు పామర్రులో దింపేశాడు. అక్కణ్ణుంచి పాలవ్యాను డ్రైవరు కాళ్లు పట్టుకున్నంత పని చేసి, కొడుకూ కోడలూ తనూ గుణదల చేరారు. తీరా చూస్తే శనివారం. బెజవాడలో సగం ఇళ్లల్లో చేప ముట్టరు. కిలో రెండువందలు పలకాల్సిన కానాగంతలను నూటిరవైకి అడిగి, అదీ కొనకుండా పోతున్నారు జనం.

ఒడ్డు మీద అమ్ముకునే వీలుంటే ఇంత దూరం ఎవరొస్తారు? ఒడ్డు మీద వాళ్ల చేపలు కొనకూడదని దురాయి పడింది.

అమలమ్మ ఊరు అంతోనివారిపాలెం. ఆ ఊరివాళ్లు మూడు తరాల కింద అరవదేశం నుంచి తెప్పల మీద పైకొచ్చి, బందరుకు దక్షిణాన ఇసక దిబ్బ మీద ఆగిపోయినవాళ్లు. బయట తెలుగు మాట్లాడతారు, ఇంట్లో అరవం, పడవలో రెండు భాషల్లోనూ తిట్టుకుంటారు. ఊరి పెద్ద పెట్టిన కట్టుబాటును దురాయి అంటారు. అది పడిన ఇంటివాళ్ల చేపలకు ఎవరూ వేలం పాట పాడరు, ఐసు అమ్మరు, పడవను నీళ్లలోకి నెట్టడానికి చెయ్యి వెయ్యరు, ఇంట్లోవాళ్లే తోసుకోవాలి. పోలీసు కేసైతే వాయిదాలుంటాయి. దురాయికి వాయిదాలు కూడా లేవు.

అమలమ్మ ఇంటి పడవకు ముగ్గురు కావాలి. ఒకరు ఇంజను దగ్గర, ఇద్దరు వల లాగడానికి. భుజం పోయిన భర్త శౌరయ్య ఎలాగో ఇంజను దగ్గర కూర్చోగలడు. కొడుకు మరియదాసు వల లాగుతాడు. రెండోవైపు లాగే స్టీఫెను నెలకు ఇరవై రెండు వేల జీతమని మంగళూరు పెద్ద బోట్ల మీదికి వెళ్లిపోయాడు. దాంతో పడవ ఇసకలో కూలబడింది. రెండు నెలలు చూసి మరియదాసు కూడా మంగళూరుకు సంచి సర్దుకున్నాడు. అప్పుడు కృప, "పడవకు నేను వస్తా" అంది. పాంబన్ పక్కన ఆమె పుట్టిన ఊళ్లో ఆడవాళ్లు పడవల్లో వెళ్లి, నీళ్లలో మునిగి, సముద్రపు పాచి కోసుకొస్తారు. ఆమెకు అందులో వింతేమీ కనపడలేదు.

ఆమె పడవ ఎక్కిన రోజే వింత ఊరికి కనపడింది. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లు, "అమలక్కా, రేపట్నించి మగాళ్లు వంట చేస్తారా?" అని నవ్వారు. అమలమ్మ బిందె అక్కడే వదిలేసి, తిన్నగా ఊరి పెద్ద లాజరు ఇంటికి పోయింది. పిల్లను కాస్త పిలిచి భయపెట్టమంది. తను చెప్పినట్టు తెలియనివ్వొద్దంది. లాజరు సరేనన్నాడు.

ఆ వారమే ఏదో ట్రాలరు బోటు ఒడ్డుకు మరీ దగ్గరగా వచ్చి, ఐదు పడవల వలలను చీల్చుకుంటూ పోయింది. అందులో లాజరు వల కూడా ఉంది. పాపం అతను ఆఫీసులన్నీ తిరిగాడు. ట్రాలరు యజమాని ఇంటికీ వెళ్లాడు. కూర్చోమన్నవాడు లేడు. ఊళ్లోకి తిరిగొచ్చి ఏదో ఒకటి చెయ్యకపోతే పెద్దరికం నిలవదు. ట్రాలరు మీద దురాయి వెయ్యడం కుదరదు. దానికి ఊళ్లో ఇల్లు లేదు, ఫిర్యాదు చెయ్యడానికి అత్తగారూ లేరు. కృపకు రెండూ ఉన్నాయి. ఆడది కాలు పెట్టబట్టే వలలు పోయాయని తేల్చారు. గుణదల మాత ముందు నిలబడి, ఇక పడవ ఎక్కనని ఆమె ఒట్టు పెట్టేదాకా దురాయి తీసేది లేదన్నారు.

ఈ చాడీ మోసింది ఎవరా అని శౌరయ్య రోజూ కంచం ముందు కూర్చుని శాపనార్థాలు పెట్టేవాడు. ఆ నోట్లో పురుగులు పడాలనేవాడు. అమలమ్మ పులుసు పోస్తూ అన్నీ వినేది. ఒకటి రెండిటికి తల కూడా ఊపింది.

ఐసు కోసం వెళ్లిన కృప, మరియదాసు తిరిగొచ్చారు. మరియదాసు భుజాన మంగళూరు సంచి ఉంది. ఒట్టు కాగానే రాత్రి రైలెక్కేస్తాడు. వచ్చేవారం పడవ అమ్మకానికి పెడతారు.

"అత్తే, ఐసు లేదంట. మధ్యానం రమ్మన్నాడు," అంది కృప. ట్రేలో చెయ్యి పెట్టి చూసి, తడిగోనె తీసి చేపల మీద కప్పింది.

లాజరు వచ్చాడు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది. అతనూ బస్సులో నిలబడే వచ్చాడు.

"పదండమ్మా, తొందరగా కానిచ్చేద్దాం. మళ్లీ ఎండెక్కుద్ది."

ట్రే హన్నాకు అప్పజెప్పి నలుగురూ మెట్లెక్కారు. పైన మాత ముందు గుండు చేయించుకున్న పిల్లలు, కొవ్వొత్తుల పొగ, జపమాల పట్టుకున్న ముసలమ్మలు. లాజరు చేతులు జోడించి, గొంతు సవరించుకున్నాడు.

"రెండే మాటలు తల్లీ. పడవ ఎక్కను, వల ముట్టను. అంతే."

కృప ముసుగు సర్దుకుని అతనివైపు తిరిగింది. "వల కూడానా మామా?"

"ఆఁ, వల కూడా."

"దురాయి పెట్టినాక మీ చిరిగిన వల మా ఇంటికే పంపించారే. పెరటి దోవన. నేనే కుట్టా."

లాజరు మాతవైపు చూశాడు. అక్కణ్ణుంచి సాయమేమీ రాలేదు. "అది వేరు. ఒడ్డు మీద కుట్టేది. ఆడోళ్ల పని."

"ఒడ్డు మీద నేను ముట్టిన వలే కదా నీళ్లలోకి పోయేది?"

"ఎదురు మాట్లాడేది ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాడు మరియదాసు నీరసంగా. "చెప్పెయ్. కింద చేపలు చెడిపోతాయి."

"నేను చెప్పను," అంది కృప. గొంతు పెద్దగా లేదు. "నువ్వు పోతావు. మామగారు ఒంటరిగా పడవ తోసుకుంటా ఉంటే నేను చూస్తా కూర్చోను, ఎక్కుతా. ఎక్కేదాన్ని ఎక్కనని మాత ముందర ఎట్టా చెప్పేది?"

జపమాల పట్టుకున్న ముసలమ్మ ఒకామె తలెత్తి చూసింది.

"అయితే దురాయి అట్టాగే ఉంటది," అన్నాడు లాజరు. మొహం కందిపోయింది. "నన్ను తిట్టుకుంటే ఏం లాభం? ఇది నేను తెచ్చిన గొడవా? మీ ఇంట్లోంచి వస్తేనే కదా నేను..."

మాట అక్కడ తెగింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

"మా ఇంట్లోంచా?" మరియదాసు సంచి కింద పెట్టాడు. "ఎవరు పెద్దయ్యా?"

లాజరు కొవ్వొత్తుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నాన్నేగా?" అన్నాడు మరియదాసు. "నాన్నే. కోడలు వల లాగుతుంటే తను ఇంజను కాడ కూర్చున్నాడని నామోషీ. పైకి మాత్రం రోజూ ఆ తిట్లు. దొంగ!" ఫోను తీసి నంబరు నొక్కాడు.

అమలమ్మకు ఇంతకన్నా సులువైన దారి జన్మలో దొరకదు. అవునని కూడా అనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. శౌరయ్య కాదంటాడు, వీడు నమ్మడు. తండ్రీకొడుకుల మధ్య మాటలుండవు. రాత్రికి వీడు రైలెక్కుతాడు. ముసలాయన ఇంట్లో కూర్చుని, ఎవరు చెప్పారో తెలియక, తను పోసే పులుసు తింటూ తిట్టుకుంటూ ఉంటాడు. కృప ఏమీ అనదు. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది.

ఫోను రింగవుతోంది. లాజరు అమలమ్మ వంక ఒక్కసారి చూసి, మళ్లీ కళ్లు తిప్పుకున్నాడు.

"పెట్టెయ్‌రా ఫోను," అంది అమలమ్మ.

"నువ్వుండమ్మా."

"మీ నాన్న కాదు. నేనే."

మరియదాసు ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. అవతల శౌరయ్య ఎత్తినట్టున్నాడు. స్పీకరులోంచి సముద్రం హోరు, దాని మీద అతని గొంతు వినిపించాయి. "ఒట్టు అయిపోయిందా? ఎవర్రా మాట్లాడేది? ఏంటంట?"

అమలమ్మ కొడుకు చేతిలోంచి ఫోను తీసుకుంది. కృప మొహంలోకి చూడబోయి, చూడలేక, ఫోనునే చూసింది.

"నేనేనయ్యా. లాజరన్నకు చెప్పింది నేను."

"ఆఁ? గాలిలో ఉన్నా. వినపడలా. గట్టిగా చెప్పు!"

మెట్ల మీద ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. జపమాల ముసలమ్మ పూసలు తిప్పడం ఆపేసింది. అమలమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, కుళాయి దగ్గర కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"నేనే చెప్పానంటున్నా! పిల్లది ఏ తప్పూ చెయ్యలా! నేను చేశా తప్పు!"